తెడ్డు లేని పుట్టి

"ఆ ఫిల్మ్ కృష్ణ దాటొద్దు."

సూర్యాపేటలో ఒక రైస్‌మిల్లు వెనకగదిలో చీఫ్ రాధాకృష్ణ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. 1971 డిసెంబర్. యుద్ధం నడుస్తోంది. కృష్ణ లోయలోని కోటల మీద పుస్తకం రాస్తానని దిగిన బ్రూనో అనే విదేశీయుడు ఉండ్రుగొండ కోట, పిల్లలమర్రి గుళ్ళు చూస్తూ, మధ్యలో సాగర్ డ్యామ్ గేట్లను రహస్యంగా ఫొటోలు తీశాడు. రేపు వాడపల్లి దగ్గర నది దాటితే, అవతలి ఒడ్డున అతని ముఠా కారు సిద్ధం.

"అతని గైడ్ జమున మన ఏజెంటే. కానీ నెల సంది రిపోర్టు లేదు. అటు తిరిగిందేమో! కోడ్ అడుగు. నెమళ్ళు ఆడుతున్నయా అంటే, వాన రాకున్నా ఆడుతున్నయ్ అనాలె. జవాబు రాకుంటే ఇద్దరూ శత్రువులే."

ఏజెంట్ విశ్వేశ్వర్ తలూపాడు. అతని భార్య బతికినన్నాళ్ళూ నిడమనూరులో మైలు దూరం నుంచి నీళ్ళు మోసింది. ఇప్పుడా ఊరి పక్క సాగర్ కాలువలో పిల్లలు ఈత కొడుతున్నారు. ఆ డ్యామ్ జోలికి ఎవరొచ్చినా అతను ఊరుకోడు.

మర్నాడు పొద్దున వాడపల్లి రేవులో తలపాగా, మాసిన పంచెతో, పుట్టి నడిపే మల్సూర్ అనే మనిషి వేషంలో విశ్వేశ్వర్ నిలబడ్డాడు. నల్ల కళ్ళద్దాలు, నైలాన్ చీరతో జమున వచ్చింది. వెనకే, మెడలో కెమెరాతో బ్రూనో. గుండ్రని బుట్టలాంటి పడవను చూసి మొహం చిట్లించాడు.

"ఉండ్రుగొండల నెమళ్ళు ఆడుతున్నయా అమ్మా?"

జమున విననట్టే పుట్టెక్కి కూర్చుంది.

నది మధ్యలో బ్రూనో పిస్టల్ తీశాడు. "పుట్టివాళ్ళకి ఇంత మెత్తటి చేతులుండవు. నడుపు! ఒడ్డు చేరాక నీ సంగతి చెప్తాను."

విశ్వేశ్వర్ చేతిలో ఉన్న ఒక్కగానొక్క తెడ్డును దూరంగా నదిలోకి విసిరేశాడు.

"ఇగ కాల్చు దొరా. నన్ను చంపినంక నువ్వే నడుపుకో."

పుట్టి గిర్రున తిరుగుతూ ప్రవాహంతో కిందికి సాగింది. అవతలి ఒడ్డు, దాని మీది కారు కళ్ళముందుకు వచ్చి, మళ్ళీ వెనక్కి పోయాయి. బ్రూనో కోపంతో లేచి నిలబడి గురిపెట్టాడు.

"పుట్టిల నిలబడొద్దు సార్!" అంటూనే జమున అంచును కాలితో ఒక్క తొక్కు తొక్కింది.

పుట్టి ఒరిగింది. గుండు గాల్లోకి, పిస్టల్ నీళ్ళలోకి పోయాయి. బ్రూనో వెల్లకిలా పడ్డాడు. తేరుకునేసరికి కెమెరా జమున ఒళ్ళో ఉంది.

"వాన రాకున్నా ఆడుతున్నయ్," అంది విశ్వేశ్వర్‌తో. "ఈయనకు తెలుగు మంచిగ వస్తది. రేవుల జవాబిస్తే అనుమానపడడా? నెల సంది నన్నొక్క నిమిషం ఇడవలే. రిపోర్టు ఎట్ల పంపాలె?"

విశ్వేశ్వర్ తలపాగా విప్పి బ్రూనో చేతులు కట్టాడు. పుట్టి అంచుకు కొట్టుకున్న బ్రూనో మోకాలి నుంచి రక్తం కారుతుంటే, తలపాగా కొస చింపి ఆ గాయానికీ కట్టు కట్టాడు.

దిగువ నుంచి, చీఫ్ ముందే కాపలా పెట్టిన పోలీసు లాంచీ వస్తోంది. పుట్టి మాత్రం తిరుగుతూనే ఉంది. బ్రూనో కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఇంకా ఎంతసేపిలా?"

"లోయంతా సూడాలని వచ్చినవ్ కద దొరా," అన్నాడు విశ్వేశ్వర్. "కండ్లు తెరువు. అన్ని దిక్కులు సూపిస్తున్న."