బిగించకూడని చక్రం

"దీన్ని బాగుచేసిన మహానుభావుడివి నువ్వేనా?"

నిలబడి నడిపే రెండు చక్రాల కేస్టర్ బోర్డు నా బల్ల మీద దభీమని పడింది. స్పానర్లు చెల్లాచెదురయ్యాయి. తలెత్తాను. మోచేతి నుంచి మణికట్టు దాకా గీరుకుపోయిన చెయ్యి, ఆ పైన నిప్పులు కక్కుతున్న ఒకమ్మాయి కళ్ళు.

"నేనేనండీ. బేరింగులు మార్చాను. చక్రాలు అటూ ఇటూ ఊగుతుంటే అవి కూడా బిగించాను. ఊరికే."

"ఊరికే నా చెయ్యి విరగ్గొట్టబోయావు!"

నేను సైకిల్ మెకానిక్‌ని. చక్రం ఊగితే బిగించాలి, నేను చదివిన చదువు అంతే. ఈ బోర్డులు మావయ్య షాపులోకి వచ్చి నెల కూడా కాలేదు.

"ఊగడానికే పెట్టారయ్యా వాటిని!" బోర్డు తిరగేసింది. "రెండు పలకలు, మధ్యలో స్ప్రింగు రాడ్డు. ఒక్కో పలక కింద ఒకటే చక్రం, ఏటవాలుగా. ముందు కాలు ఇటు, వెనక కాలు అటు తిప్పుతుంటే చక్రాలు మళ్ళుతూ బోర్డుని ముందుకి తోస్తాయి. కాలు నేలకి తగలక్కర్లేదు. నువ్వు బిగించావు, నేను పడ్డాను. అదీ ఎవరి ముందు? కాలనీ కమిటీ ముందు!"

సంగతి అప్పుడు తెలిసింది. కాలనీ మైదానంలో ముప్పైమంది పిల్లలకు ఆవిడ బోర్డు నేర్పిస్తోంది. మైదానాన్ని కార్ల పార్కింగు చెయ్యాలని కమిటీ పట్టు. 'బోర్డులు ప్రమాదం' అన్నది సాకు. పొద్దున చూడ్డానికి వచ్చారు, చూశారు. సాయంత్రం తీర్మానం.

పెద్దమనుషులకు కార్లు పెట్టుకునే చోటు కావాలి. ఆ మాట అనే దమ్ములేక పిల్లల మోకాళ్ళ మీద జాలి ఒలకబోస్తున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆ జాలికి సాక్ష్యం తయారుచేసి ఇచ్చింది నేనే అనుకుంటే ఇంకా మండింది.

బిగించిన బోల్టులన్నీ విప్పాను. "నేనూ ఒకసారి ఎక్కి చూస్తానండీ," అంటూ అరలోంచి ఎర్రగా మెరుస్తున్న బోర్డు తీశాను.

"దించు! నీ బరువెంత?"

"డెబ్బై ఎనిమిది."

"అది ఒకే ప్లాస్టిక్ పలక, చిన్నపిల్లలకి. నువ్వెక్కితే నడుం వంగి నేలకి రాసుకుంటుంది. ఎంత బరువు మోస్తుందో అడుగున రాసే ఉంటుంది, అమ్మేటప్పుడు చదవరా? రెండు పలకలది తియ్. చేత్తో మెలిపెట్టి చూడు, స్ప్రింగు గట్టిగా ఉండాలి. మెత్తనిది నీలాంటి బండకి ఆగదు."

ఎక్కాను. రెండు గజాలు పోయి ఆవిడ కాళ్ళ దగ్గరే కూలబడ్డాను. నవ్వలేదు. "చూపు ముందుకి, కాళ్ళకేసి కాదు!" అని కసిరి, తన బోర్డు చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

కౌంటర్ దగ్గర్నుంచి మావయ్య గొంతు: "ఒరేయ్, మీటింగుకెళ్ళి తప్పు నాదని వాగావంటే రేపట్నుంచి షాపు గుమ్మం తొక్కకు."

వెళ్ళాను.

"మేం కళ్ళారా చూశాం, అమ్మాయి పడింది," అంటున్నాడు కమిటీ ప్రెసిడెంటు.

"ఆ చక్రాలు కదలకుండా బిగించింది నేను," అన్నాను లేచి. "తప్పు బోర్డుది కాదు."

"నువ్వెవడివి? బయటికి నడు!"

"నడుస్తాను. మీ కారు స్టీరింగు కదలకుండా బిగించేస్తాను, మీరు ఇంటిదాకా నడిపి చూపించండి. గోడకి గుద్దితే కార్లన్నీ నిషేధిద్దాం!"

వెనక వరసలో తల్లులు గొల్లున నవ్వారు. ఒకావిడ లేచి మైదానం పిల్లలదే అంది. పదిమంది లేచారు. తీర్మానం కాగితం మడిచి ప్రెసిడెంటు జేబులో పెట్టుకున్నాడు.

బయట వాన. ఆవిడ చూరు కింద నిలబడి ఉంది, ఇంకా కోపంగానే.

"నిన్నెవరు మాట్లాడమన్నారు? నాకు నోరు లేదా?"

"మీ తరఫున మాట్లాడలేదండీ. నా తప్పు నేను చెప్పుకున్నాను."

"మరి షాపులో ఉద్యోగం?"

"పోయింది."

"బుద్ధుందా?"

"లేదు. ఉంటే పొద్దుట్నుంచీ ఇన్ని తిట్లు తిని కూడా మీరంటే ఇష్టం కలుగుతుందా?"

చురచుర చూసింది. వాన జల్లు ఇద్దరి మీదా కొట్టింది. ఇద్దరమూ పక్కకి జరగలేదు.

"ముందు ఆ 'మీరు' తీసెయ్, చిరాగ్గా ఉంది," అంది. "ఆదివారం ఏడింటికి మైదానానికి రా. ఒక్క నిమిషం ఆలస్యమైనా ఊరుకోను."

ఆరింటికే వెళ్ళాను. అప్పటికే వచ్చి ఉంది.