వంటింటి సన్నగోడ

“బయటివాడు పది లక్షలకు చేస్తానన్న పనికి సొంత బావమరిది పదహారు అడుగుతాడా! ఎవరికైనా చెబితే నవ్విపోతారు!”

అత్తగారు రెండు కొటేషన్లనూ భోజనాల బల్ల మీద పక్కపక్కన పరిచి, అరచేత్తో ఒకదాని మీద ఠపీమని కొట్టారు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ చిట్టికి ఆ దెబ్బ తన వీపు మీద పడ్డట్టే అనిపించింది. పదిహేడేళ్ళ కాపురంలో అత్తగారు గొంతు పెంచిన ప్రతిసారీ ఆమెకు ముందు కాళ్ళు వణికేవి, తరవాతే విషయం అర్థమయ్యేది. ఈసారి రెండూ ఒక్కసారే జరిగాయి. ఆ పదహారు అడిగినవాడు ఆమె తమ్ముడు! పుట్టింటి వైపు ఆమెకు మిగిలిన ఒకే ఒక్క మనిషి!

ఇంటి వెనక భాగంలో ఉన్న ఆ వంటిల్లు, దాని పక్కన సామాన్ల గది, పైన అత్తగారి పడకగది... ఈ మూడూ చిట్టి కాపురానికి వచ్చిన ఏడాది ఆమె తండ్రి కట్టినవే. ఆయన మేస్త్రీ. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు వంటగట్టు ఒక పక్కకు కుంగింది, సింకు కింద బకెట్టు పెట్టనిదే పూట గడవడం లేదు, పట్టపగలు కూడా లైటు వెయ్యాలి. సామాన్ల గదికీ వంటింటికీ మధ్య గోడ తీసేసి రెండూ ఒకటి చేయించుకుందామని అందరూ అనుకున్నారు. మీసాల కాంట్రాక్టరు ఒకాయన వచ్చి, కొలతలు తీసుకుని, ఇరవై రెండు అంశాలతో చక్కగా టైపు చేసిన కొటేషన్ ఇచ్చాడు. తమ్ముడూ కాంట్రాక్టరే. వాడు వచ్చి, గోడ వంక కాసేపు చూసి, ఒక అరకాగితం చింపి “వంటింటి పని మొత్తం” అని రాసి పక్కన అంకె వేసి ఇచ్చి వెళ్ళాడు. అంతే! ఒక్క లైను!

అది వాళ్ళ ఇంటి అలవాటు. తండ్రి కూడా అంతే చేసేవాడు. ఊళ్ళో అందరికీ మేకుతో సహా రాసిచ్చే మనిషి, చుట్టాల దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఒక్క అంకె చెప్పి ఊరుకునేవాడు. మనవాళ్ళకు వివరాలు రాసివ్వడమంటే, నన్ను నమ్మరని నాకు తెలుసు అన్నట్టే కదా అనేవాడు. ఆ మర్యాదే ఇవాళ తమ్ముడి మెడకు చుట్టుకుంది.

“వివరం రాయలేదంటే చెప్పుకోలేని వివరమేదో ఉందనేగా!” అన్నారు అత్తగారు. “అక్క కాపురం చేసే ఇల్లని కూడా చూడకుండా దోచుకుందామనుకున్నాడు... దొంగవెధవ!”

“అమ్మా!” అన్నాడు భర్త. అని, అంతకంటే ఏమీ అనలేక చిట్టి వైపు తిరిగాడు. మంచివాడే. కాకపోతే తల్లి ముందు ఆయన ధైర్యమూ చిట్టి ధైర్యమూ ఒకే కొలత. “రేపు పొద్దున మీసాలాయన పని మొదలుపెడతానన్నాడు. వద్దంటే ఈ సాయంత్రంలోగా చెప్పాలి. ఇళ్ళు కట్టే ఇంట్లో పుట్టినదానివి, నువ్వే చూడు. ఏది సబబో తేల్చు. మీవాడు ఎందుకంత వేశాడో చెప్పగలిగితే పని వాడికే ఇద్దాం. లేకపోతే...”

“లేకపోతే ఏముంది! మళ్ళీ ఆ అబ్బాయి ఈ గడప తొక్కడు,” అని అత్తగారు తేల్చేశారు.

భర్త ఆఫీసుకు వెళ్ళగానే చిట్టి ఒక పాత నోటుపుస్తకం తీసుకుని కూర్చుంది. మీసాలాయన రాసిన ఇరవై రెండు అంశాలనూ ఒక్కొక్కటిగా ఎక్కించి, ఎదురుగా తనకు తెలిసిన ధరలు వేసుకుంటూ వెళ్ళింది. టైల్స్ సరే. అలమరాలు సరే. పైపులకు ఆయనే కాస్త ఎక్కువ వేశాడు. గోడ దగ్గర “అడ్డుగోడ కొట్టి, మట్టి ఎత్తడం” అని రాసి చాలా తక్కువ వేశాడు. మొత్తం కూడితే ఆయన అడిగింది న్యాయంగానే ఉంది! మరి తమ్ముడు అదనంగా అడిగిన ఆరు దేనికి? మళ్ళీ కూడింది. మళ్ళీ అంతే వచ్చింది. ఒకవేళ... ఒకవేళ అత్తగారు అన్నదే నిజమైతే? మొన్న వచ్చినప్పుడు వాడు తన కళ్ళలోకి చూడలేదు. కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. ఒళ్ళో పెట్టుకుని అన్నం తినిపించిన తమ్ముడి గురించి ఇలా ఆలోచిస్తున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆలోచన ఆగలేదు... భయం పట్టుకుంటే అంతే కదా, మనసు మన మాట ఎక్కడ వింటుంది!

అత్తగారు భోజనం చేసి పైకి వెళ్ళి పడుకోగానే, చిట్టి తలుపు దగ్గరగా వేసి బస్సెక్కింది.

తమ్ముడు ఒక సగం కట్టిన ఇంట్లో పనివాళ్ళతో ఉన్నాడు. అక్కను చూసి గబగబా ఇటుకల మీంచి దిగి వచ్చాడు.

“ఎండలో నువ్వెందుకు వచ్చావక్కా? ఫోను చేస్తే నేనే వచ్చేవాణ్ణిగా!”

“నువ్వు మా ఇంటికి రాకూడదంటున్నార్రా!” అంది చిట్టి. అంతవరకూ ఆపుకున్నదంతా పొంగుకొచ్చింది. “దొంగ అంటున్నారు నిన్ను! నేను విన్నాను... విని నోరు మూసుకుని నిలబడ్డాను! ఆ ఆరు ఎక్కడిదో చెప్పరా. నా మీద ఒట్టు. తప్పు చేస్తే చేశానని చెప్పు, ఆ మాటలు నేను పడతాను. చెప్పకపోతే మాత్రం బతకలేను!”

తమ్ముడు చేతికంటిన సిమెంటును గోటితో గీక్కుంటూ నిలబడ్డాడు.

“ఆ గోడ అడ్డుగోడ కాదక్కా,” అన్నాడు చివరకు. “పైగది బరువంతా దాని మీదే ఉంది. ఎవరూ అలా కట్టరు. బరువు మోసే గోడ తొమ్మిది అంగుళాలుండాలి. అది నాలుగున్నరే. సన్నంగా ఉంది కాబట్టి చూసినవాడెవడైనా ఉత్త అడ్డుగోడే అనుకుంటాడు. దాన్ని తియ్యాలంటే ముందు కింద ఇనుప ఆసరాలు నిలబెట్టి, పైన ఇనుప దూలం ఎక్కించాలి. ఆ ఆరూ దానికే. నా కూలి కూడా వేసుకోలేదు.”

“ఆ మాటే చెప్పొచ్చుగా!”

“ఎలా చెప్పను? కట్టింది నాన్న! ఇంత పెద్ద మేస్త్రీ కూతురి ఇంటికి ఇలాంటి గోడ కట్టాడని మీ అత్తగారికి చెప్పమంటావా? చచ్చిపోయిన మనిషి... వచ్చి సమాధానం చెప్పుకోలేడు కదక్కా.”

చిట్టికి తండ్రి చేతులు కళ్ళ ముందు మెదిలాయి. మరుక్షణమే ఇంకో ఆలోచన వచ్చింది. మీసాలాయనకు ఈ సంగతి తెలియదు! రేపు పొద్దున...

“ముందు ఆయన్ని ఆపాలిరా! నంబరు కూడా నా దగ్గర లేదు!” అంటూ ఆమె రోడ్డు మీదకు పరుగెత్తింది. “ఎందుకైనా మంచిది, నేను బండిలో ఆసరాలు వేసుకుని వెనకే వస్తాను, నువ్వెళ్ళు,” అని తమ్ముడు అరిచిన అరుపు సగమే వినిపించింది.

ఇంటి మలుపు తిరగగానే ఆమె చెవిన పడ్డ మొదటి శబ్దం... ధబ్! ఆగి, మళ్ళీ ధబ్!

ఎక్కడో ఒక పని వాయిదా పడిందని మీసాలాయన మనుషుల్ని తీసుకుని ఈ పూటే వచ్చేశాడు. అత్తగారు తలుపు తీసి, కానివ్వండని చెప్పి, మళ్ళీ పైకి వెళ్ళి పడుకున్నారట. చిట్టి వంటింట్లోకి వచ్చేసరికి దుమ్ములో ఏమీ కనిపించలేదు. దగ్గుతూ ముందుకు వెళితే, గోడలో కిటికీ అంత కంత! ఇద్దరు మనుషులు మళ్ళీ సమ్మెటలు ఎత్తుతున్నారు.

“ఆపండి! ఆపండి, మీకు పుణ్యముంటుంది!”

“భయపడకమ్మా, ఇది అడ్డుగోడే,” అన్నాడు మీసాలాయన ఓపిగ్గా. “నాలుగున్నర అంగుళాల గోడ మీద ఎవరైనా బరువు పెడతారా?”

“మా నాన్న పెట్టాడు!”

మీసాలాయన ఆమె మొహంలోకి చూశాడు. తరవాత తలెత్తి పైకి చూశాడు. కంతకు సరిగ్గా పైన స్లాబులో సన్నటి పగులు ఒకటి, పొద్దున లేనిది, తలుపు దాకా పాకి ఉంది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

“సమ్మెటలు కింద పెట్టండి. మెల్లిగా... మెల్లిగా బయటికి నడవండి. అమ్మా, పైన ఎవరూ లేరు కదా?”

చిట్టి ఆయన వద్దు వద్దని అరుస్తున్నా వినకుండా పెరటి మెట్లెక్కేసింది. ఒక్కో మెట్టు మీద కాలు పెడుతుంటే, తన బరువుకే అంతా కూలిపోతుందేమోనని ప్రాణం పోతోంది! అత్తగారు చప్పుడు వినపడకుండా చెవి మీద దిండు పెట్టుకుని, గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. చిట్టి ఆమె రెక్క పట్టుకుని లేపింది.

“లేవండి అత్తయ్యా! ఏమీ అడక్కండి, లేవండి!”

పదిహేడేళ్ళలో మొట్టమొదటిసారి ఆ ఇంట్లో చిట్టి హుకుం జారీ చేసింది, అత్తగారు కిక్కురుమనకుండా లేచి నడిచారు.

పెరట్లోకి వచ్చాక ఇద్దరూ నేల మీదే కూలబడ్డారు. ఎవరో ఫోను చేస్తే భర్త పరుగెత్తుకొచ్చాడు. చిట్టి ఏడుస్తూ, ఏదీ దాచకుండా చెప్పేసింది. “తప్పు మా నాన్నదండీ. తమ్ముడు ఆ తప్పు బయటపడకూడదనే నోరు విప్పలేదు. నన్నేమన్నా అనండి, వాణ్ణి మాత్రం దొంగ అనకండి!” భర్త ఆమె తల నిమురుతూ ఉండిపోయాడు. అత్తగారు మాత్రం వంటింటి వైపే చూస్తూ కూర్చున్నారు.

ఇంతలో తమ్ముడు బండి దిగాడు. ఇనుప ఆసరాలు భుజాన వేసుకుని నేరుగా లోపలికి వెళ్ళాడు. మీసాలాయన కూడా ఊరుకోలేక వెనకే వెళ్ళి రెండో కొస పట్టుకున్నాడు. లోపల ఇనుము బిగిస్తున్న ప్రతి కిర్రుకీ చిట్టి కళ్ళు గట్టిగా మూసుకుంది. పది నిమిషాలో, గంటో... తమ్ముడు దుమ్ముకొట్టుకుపోయి బయటికి వచ్చాడు.

“ఇక పడదు,” అన్నాడు.

అప్పుడు లేచారు అత్తగారు. తడబడుతూ వెళ్ళి వాడి ఎదురుగా నిలబడ్డారు.

“మీ నాన్న తప్పు కాదు నాయనా... నాది! తొమ్మిది అంగుళాలైతే వంటిల్లు ఇరుకైపోతుంది, సన్నంగా కట్టండి అన్నయ్యగారూ అని నేనే పట్టుబట్టాను. వద్దమ్మా అని ఆయన మూడుసార్లు చెప్పారు. పిల్లనిచ్చినవారు, ఆమాత్రం మాట వినరా అని అన్నం మానేసి కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఆ సంగతి నాకసలు గుర్తే లేదు! పొద్దున నిన్ను దొంగ అన్నానే...”

“నాకు తెలుసు అత్తయ్యగారూ,” అన్నాడు తమ్ముడు తల వంచుకుని. “అప్పుడు నాన్న వెంట వచ్చి తట్టలు మోసింది నేనేగా. మీరన్నవన్నీ విన్నాను.”

చిట్టి ఉలిక్కిపడి తలెత్తింది. వాడు తనకు కూడా తప్పు నాన్నదేనని చెప్పాడు!

“తెలిసీ ఎందుకు పడ్డావురా అన్ని మాటలు? ఆ ముక్క నా మొహాన అనేస్తే పోయేదిగా!” అన్నారు అత్తగారు.

“నేను అనేసి మా ఇంటికి పోతానండీ,” అన్నాడు వాడు. “అక్క ఇక్కడే ఉండాలి కదా.”

అత్తగారు కొంగుతో వాడి మొహం మీది దుమ్ము తుడవడం మొదలుపెట్టారు. చిట్టి లేచి నిలబడబోయింది కానీ కాళ్ళింకా వణుకుతూనే ఉన్నాయి. అత్తగారే చెయ్యి చాచి పట్టుకున్నారు.