కరీముల్లా చెప్పిన లెక్క

పొద్దున్నే నమాజు ముగించుకుని, హజ్రా బీ ఎప్పటిలాగే కొడుకు లెక్కల పుస్తకం కోసం గూట్లో చెయ్యి పెట్టింది. పుస్తకం లేదు.

అది అచ్చు పుస్తకం కాదు. నరసరావుపేటలో లెక్కల మాస్టరుగా పనిచేసిన కరీముల్లా, ఆరో ఫారం పిల్లలు తడబడకుండా ఆల్జీబ్రా, ట్రిగనామెట్రీ లెక్కలు ఒక్కొక్కటే విప్పి రాసిన నోటుబుక్కు. క్షయ ముదిరి మంచం పట్టాక కూడా ఆ పని మానలేదు. 1944 ఎండాకాలంలో పోయాడు. హజ్రా బీకి అక్షరం రాదు. అయినా రోజూ చివరి పేజీలు తెరిచి, కొడుకు ఆఖరి రాత అని కళ్ళకద్దుకునేది.

కోడలు అబిదాకు, భర్త పోయాక ఇల్లు కదలకుండా పాటించే ఇద్దత్ గడువు, నాలుగు నెలల పది రోజులూ నిండాయి. మధ్యాహ్నం బొగ్గుతో నడిచే బస్సులో తండ్రి వచ్చి సత్తెనపల్లి పుట్టింటికి తీసుకెళతాడు. హజ్రా బీ అనుమానంతో కోడలి ట్రంకుపెట్టె తెరిచింది. చీరల మధ్య నోటుబుక్కు కనిపించింది.

"గిన్నెలు తీసుకుపో, నగలు తీసుకుపో, నేనేమన్నా అన్నానా? నా బిడ్డ రాత ఎట్టా తీసుకుపోతావే?"

హెడ్మాస్టరుగారికి చేర్చమని ఆయనే చెప్పారంది అబిదా. ఒక్క లెక్క మిగిలిందని, అది పూర్తిచేసి పంపుతానని తలవంచుకుని చెప్పింది. హజ్రా బీకి ఒళ్ళు మండింది. వాడి పుస్తకంలో నీ గీతలేందని నిలదీసి, చివరి పేజీలు తెరిచి గుండెకు హత్తుకుంది.

అబిదా చెదిరిన చీరలు పెట్టెలో సర్దింది.

"ఆ పేజీలు నేను రాసినయ్యి అమ్మీ. బక్రీదు తర్వాత ఆయన కలం పట్టలేకపోయారు."

హజ్రా బీ మంచం మీద కూలబడింది. ఇన్నాళ్ళూ కళ్ళకద్దుకున్నది ఈ పిల్ల రాతనా? భర్త ఇమాం సాహెబ్ వైపు చూసింది. ఆయన మొహం తిప్పుకున్నాడు. ఆయనకూ తెలుసు.

"ముందే ఎందుకు చెప్పలేదే?"

"మీకు మిగిలింది అదొక్కటేగా."

మరి వాడేం చేసేవాడని అడిగింది హజ్రా బీ.

"చెప్పేవారు, నేను రాసేదాన్ని. దగ్గొస్తే ఆగేవారు. మాటలన్నీ ఆయనయ్యే."

హజ్రా బీ పుస్తకం కోడలికి అందించింది. "చదువు. వాడు చెప్పినట్టే చదువు."

అబిదా చివరి లెక్క చదివింది. "నేల మీద నిలబడి చూస్తే కొండ కొన ముప్పై డిగ్రీల కోణంలో కనిపించింది. కొండ వైపు నూరు గజాలు నడిస్తే అరవై డిగ్రీలయింది. కంగారు పడొద్దు. కొండ ఎత్తు ఎంతో తెలియదు గదా, దాన్ని హెచ్ అనుకుందాం..."

ఆయన అక్కడే ఆగిపోయారని చెప్పింది.

హజ్రా బీ కొంగు నోట్లో కుక్కుకుంది. కంగారు పడొద్దు. అచ్చంగా వాడి మాట. నెత్తురు కక్కిన నాడు కూడా తల్లితో అదే అన్నాడు.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, ఎత్తు తేలిందా అని అడిగింది. యాభై ఇంటూ రూట్ మూడు, అంటే ఎనభై ఆరు గజాల పైచిలుకంది అబిదా. ఆయన చెప్పలేదు కనుక ఇంకా రాయలేదంది.

"రాయి బేటీ. పిల్లలు ఎదురుచూస్తుంటారు."

అబిదా రాసింది. తండ్రి వచ్చేలోగా ఆ లెక్కను అత్తగారు మరో నాలుగుసార్లు చదివించుకుంది. అక్షరం రాకుండానే ఖురాను సూరాలు చెవితో నేర్చుకున్న మనిషి ఆమె. ఇదీ అట్లాగే నేర్చుకుంది. పుస్తకం తనే పెట్టెలో పెట్టి, కోడల్ని బస్సెక్కించి వచ్చింది.

సాయంత్రం ఇమాం సాహెబ్ ఎంత పిలిచినా పలకలేదు. గోడకు ఆనుకుని పెదవులు కదుపుతోంది. ఆయన పక్కన కూర్చుని చెవి ఒగ్గాడు.

"కంగారు పడొద్దు," అంటోంది హజ్రా బీ. "కొండ ఎత్తు ఎంతో తెలియదు గదా, దాన్ని హెచ్ అనుకుందాం."

అక్కడ ఆగిపోయింది. ఇమాం సాహెబ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.