సొట్టల చెంబు రీల్

శనివారం మధ్యాహ్నం భోజనాల వేళకి చెంబు రీల్‌కి లైకులే లైకులు. ప్రవల్లిక ఒక ముద్ద తినడం, ఒకసారి అమ్మ ఫోన్ చూడడం. కంచంలో పప్పన్నం చల్లారిపోయింది.

వసంత్ కుంజ్‌లో తెలుగువాళ్ళ సంఘం ఒక గదిలో చిన్న మ్యూజియం పెడుతోంది. ఒకప్పుడు ఢిల్లీకి కాపురానికొచ్చిన కుటుంబాలు వెంట తెచ్చుకున్న వస్తువులే అందులో ఉంటాయి. ఆదివారమే ప్రారంభం. పిల్లలు కూడా రావాలంటే ఇన్‌స్టాలో పేజీ ఉండాలని, మ్యూజియం పని చూసే భీమశంకరం అంకుల్‌కి ఎవరో చెప్పారు. ఆయనకి ఫోన్‌లో మాట్లాడటం తప్ప ఇంకేం రాదు. అందుకని రీల్స్ బాధ్యత ఆరో క్లాసు చదివే ప్రవల్లికకి అప్పగించారు.

ఇంక ప్రవల్లిక ఊరుకుంటుందా? తాయారమ్మ మామ్మగారు ఇచ్చిన ఇత్తడి మరచెంబుకి రీల్‌లో ఏడుపు కళ్ళు అతికించింది. దాని ఒళ్ళంతా సొట్టలే. కింద "మ్యాథ్స్‌లో ఫెయిలై తన్నులు తిన్న చెంబు" అని రాసింది. "పాత సామాన్లు కొనే కబాడీవాలాకి ఇచ్చేయండి" అని ఎవరో కామెంట్ పెడితే, పడీపడీ నవ్వే బొమ్మ కూడా పెట్టింది.

భోజనం పూర్తికాకముందే భీమశంకరం అంకుల్ ఫోన్ చేశారు. మామ్మగారికి రీల్‌ని ఆవిడ మనవడు చూపించాడట. చెంబు వెనక్కి ఇచ్చేయమన్నారట. "ఇచ్చేద్దాం తల్లీ, ఆవిడ వస్తువే కదా," అన్నారాయన. తిట్టలేదు. తిట్టినా బాగుండునని ప్రవల్లికకి అనిపించింది.

రీల్ తీసేసింది. అయినా గుబులు తగ్గలేదు. అమ్మని వెంటబెట్టుకుని మామ్మగారి ఇంటికి వెళ్ళింది.

"సారీ మామ్మగారూ. ఫన్నీగా ఉంటుందనుకున్నా," అంది తల వంచుకుని. "ఆ కబాడీ కామెంట్‌కి నవ్వింది కూడా నేనే."

"ఆ సొట్టలెలా పడ్డాయో నన్నొక్క మాట అడిగావుటే?" అన్నారు మామ్మగారు.

అప్పుడు చెప్పారు. పెళ్ళైన కొత్తలో ఆవిడ కాకినాడ నుంచి వచ్చినప్పుడు ఇళ్ళలో కుళాయిలు లేవు. వీధి కుళాయిలో నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలిసేది కాదు. పక్కింటి పంజాబీ అమ్మాయి సురీందర్‌కి తెలుగు రాదు, ఈవిడకి హిందీ రాదు. అందుకని ఈవిడ పిట్టగోడ మీద చెంబు పెట్టి ఉంచేవారు. నీళ్ళు రాగానే సురీందర్ దాన్ని గరిటెతో టంగుటంగుమని కొట్టేది. ఈవిడ బిందె పట్టుకుని పరిగెత్తేవారు.

"ఈ ఊళ్ళో నన్ను మొదట పిలిచిన మనిషి అదేనమ్మా. ఇప్పుడది లేదు. దాని పిలుపులే ఆ సొట్టలు."

ప్రవల్లికకి ఏడుపొచ్చింది. "ఇదంతా మీరే రీల్‌లో చెప్తారా? మ్యూజిక్ పెట్టను. మీకు నచ్చితేనే పోస్ట్ చేస్తాను," అంది చివరికి.

మామ్మగారు ఆలోచించారు. "ఉండు, చీర మార్చుకుని వస్తాను," అన్నారు.

రికార్డు చేశాక ఆవిడ రెండుసార్లు చూసుకున్నారు. చెంబు మ్యూజియంలోనే ఉండనిమ్మన్నారు.

కొత్త రీల్‌కి పాతదానికొచ్చినన్ని లైకులు రాలేదు. కామెంట్లు మాత్రం పెద్దపెద్దవి వచ్చాయి. లక్ష్మీ నగర్‌లో కోచింగ్ తీసుకుంటున్న ఒక అక్క, తన భాష రాకపోయినా రోజూ టీకి పిలిచే పక్కగది దీదీ గురించి రాసింది.

ఆదివారం గది నిండిపోయింది. రీల్ చూసి ఘాజియాబాద్ నుంచి ఒక పెద్దావిడ కూడా వచ్చారు. సంచిలోంచి పిడి విరిగిన బొగ్గుల ఇస్త్రీ పెట్టె తీశారు. విరిగిన చోట ఎవరో ఎప్పుడో గుడ్డపీలికలు చుట్టారు.

దాన్ని చూసి పిల్లలు కిసుక్కుమన్నారు. "జల్దీ, రీల్ తియ్యి," అన్నాడు వాళ్ళలో సాకేత్ అనే పిల్లాడు.

ప్రవల్లిక ఫోన్ అమ్మకిచ్చేసింది. ఒక కుర్చీ తెచ్చి పెద్దావిడకి వేసి, తను ఎదురుగా నేలమీద కూర్చుంది.

"ఈ పీలికలు ఎవరు చుట్టారు మామ్మగారూ?" అని అడిగింది.