గుంపులో గొంతు

పెద్దాయన ఐసీయూలో పోయాడు. తెల్లవారుతూనే, సంచిలో చుట్టిన శరీరాన్ని ఆసుపత్రి వెనక గేటు నుంచి బయటికి తెచ్చారు. ముఖం చూపించమని కూతురు అడిగింది. కుదరదన్నారు. ఆమె ఇంటికి వెళ్ళలేదు. నేరుగా పోలీస్ స్టేషన్‌కి వచ్చింది.

నాన్నది చావు కాదు, చంపేశారు అంది.

ఇన్‌స్పెక్టర్ ఫిర్యాదు రాసుకున్నాడు. పెద్దాయన డబ్బింగ్ ఆర్టిస్టు. తెర మీది విలన్లకి జీవితమంతా గొంతు అరువిచ్చినవాడు. చివరిసారి ఒక చిన్న స్టూడియోలో ఒక పూట పనిచేశాడు. ఆ పూట ఆయనకంటే ముందు అదే బూత్‌లో డైలాగులు చెప్పింది చిలక. హీరోయిన్ల గొంతు ఆమెది, అందుకని అందరూ అలాగే పిలుస్తారు. తర్వాత ఇద్దరూ జబ్బుపడ్డారు. ఆయన పోయాడు. ఆమె ఇంకా ఆక్సిజన్ మీదే ఉంది. కోవిడ్ దాచిపెట్టి పనికొచ్చి నాన్నకి అంటించిందని కూతురి ఆరోపణ.

ఇన్‌స్పెక్టర్‌కి చిరాకు వేసింది. కత్తి ఉంటే వేలిముద్ర ఉంటుంది. విషమైతే సీసా ఉంటుంది. ఇక్కడ ఆయుధం కంటికి కనపడదు. దానికి పగ లేదు, ఉద్దేశం లేదు. పై అధికారి మాత్రం త్వరగా తేల్చమన్నాడు. ఈలోగా డబ్బింగ్ యూనియన్ చిలక సభ్యత్వ కార్డు సస్పెండ్ చేసింది. కేసులోంచి బయటపడేదాకా ఆమె ఏ స్టూడియో గుమ్మమూ తొక్కకూడదు.

స్టూడియోకి వెళ్ళాడు. బూత్ అంటే బీరువాకి కాస్త పెద్దన్న. గోడలకి ఫోమ్. మందపాటి తలుపు. టేక్ నడుస్తున్నంతసేపూ ఏసీ ఆపేస్తారు, ఆ చప్పుడు మైక్‌లో పడుతుందని. ఊపిరాడక ఇన్‌స్పెక్టర్ వెంటనే బయటికి వచ్చేశాడు.

సౌండ్ ఇంజినీరే స్టూడియో యజమాని. తాను ఆ రోజంతా అద్దం ఇవతలే ఉన్నానని చెప్పాడు.

"బూత్‌లోకి ఎవరెవరు వెళ్ళారు?"

"ఇద్దరే సార్. ముందు చిలకమ్మ, తర్వాత పెద్దాయన."

"కలిసి?"

"ఎవరి రోల్ వాళ్ళు విడివిడిగా చెప్పుకున్నారు సార్. రోజులు బాగాలేవని మేమే అలా పెట్టుకున్నాం."

పెద్దాయనని ఆసుపత్రిలో చేర్చిన రోజున ముగ్గురికీ పరీక్షలు చేశారు. ఇంజినీర్ తన రిపోర్టు ఫోన్‌లో చూపించాడు. వైరస్ ఉందా లేదా అన్నట్టుంది. యాంటీబాడీలు ఉన్నాయి.

"నేను సేఫ్ సార్. అందులోనే ఉంది."

ఆసుపత్రిలో ఉన్న చిలకకి ఫోన్ చేయించాడు. మాటకీ మాటకీ మధ్య దగ్గు. ఆమె కూడా అదే చెప్పింది. బూత్‌లోకి వెళ్ళింది తనూ, పెద్దాయనా.

సాయంత్రానికి కూతురు ఇంకో కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. అది ఐసీయూలో చిలకకి చేసిన పరీక్ష. యాంటీబాడీలు ఆకాశాన్నంటుతున్నాయి. ఒంట్లో పుట్టెడు వైరస్ లేకపోతే ఇన్నెందుకు వస్తాయని ఆమె వాదన. ఇన్‌స్పెక్టర్‌కి అది సబబుగానే తోచింది. అంత సులువుగా తోచినందుకు కాస్త సిగ్గేసింది కూడా. ఫైలు మూసేయాలన్న తన తొందర ఆ కాగితంతో చేతులు కలిపిందని లోపల ఎక్కడో తెలుస్తూనే ఉంది.

ఆసుపత్రి లాబ్‌లో డాక్టరమ్మ మైక్రోస్కోప్ మీంచి తలెత్తలేదు.

"చిలకకి జబ్బు ముదిరింది. అంటే ఆమెలో వైరస్ ఎక్కువ. అంతేగా?"

"కాదు."

"మరి?"

"మొదటి పరీక్షలో ఆమెకీ పెద్దాయనకీ వైరస్ ఇంచుమించు ఒకటే. ఒకరు పోయారు, ఒకరు ఉన్నారు. ఎంతుందో చూసి ఎవరు పడిపోతారో చెప్పగలిగితే మాకీ తిప్పలెందుకు? కొందరిలో వైరస్‌కీ జబ్బుకీ లెక్క కుదురుతుంది. కొందరిలో కుదరదు."

"యాంటీబాడీల సంగతి?"

"ముదిరినవాళ్ళలో తరచూ ఎక్కువే ఉంటాయి. అది ఒళ్ళు పడిన పెనుగులాట. మంటలు ఆర్పిన ఇంటి ముందు నీళ్ళు నిలిచాయని, నీళ్ళు పోసినవాణ్ణి పట్టుకుంటారా?"

"నూటికి నూరు అనే మాట ఒక్కటి చెప్పండి మేడమ్."

"అది మీ కోర్టు వాళ్ళనే అడగండి."

ఇన్‌స్పెక్టర్ విసురుగా లేచాడు. తలుపు దాకా వెళ్ళి ఆగాడు. కూతురు తెచ్చిన కాగితం ఐసీయూలోది. మరి అంతకుముందు?

"మొదటి పరీక్షలో చిలకకి యాంటీబాడీలు ఎన్ని?"

"లేవు."

"పెద్దాయనకి?"

"లేవు."

"ఇంజినీర్‌కి?"

ఆమె కంప్యూటర్ వైపు తిరిగింది. రిపోర్టు వెతికి తీసింది.

"ఉన్నాయి. ముందు పుట్టే రకమూ, తర్వాత పుట్టే రకమూ."

ఇన్‌స్పెక్టర్ మళ్ళీ కూర్చున్నాడు. ఆమె విడమరిచి చెప్పింది. వైరస్ ఒంట్లో చేరగానే యాంటీబాడీలు రావు. వారమో, ఇంకా ఎక్కువో పడుతుంది. ఆ పరీక్షలు రికార్డింగ్ జరిగిన ఐదో రోజువి. చిలక ఆ రోజుకే జబ్బుతో స్టూడియోకి వచ్చి ఉంటే, పరీక్షనాటికి ఆమెలో అవి మొదలై ఉండాల్సింది. ఆమెకీ పెద్దాయనకీ వైరస్ నిండుగా ఉంది, యాంటీబాడీలు లేవు. అంటే ఇద్దరికీ కొత్తగా అంటింది. ఇంజినీర్‌ది అప్పటికే తగ్గుముఖం పట్టిన జబ్బు. ముందు పుట్టే రకం ఇంకా ఉంది కాబట్టి మరీ పాతది కాదు.

అందరూ ఆ రిపోర్టు చూసి ఇంజినీర్ నిర్దోషి అనుకున్నారు. అతని మీద సాక్ష్యం చెబుతున్నది అదే.

అయినా ఇన్‌స్పెక్టర్‌కి సంతోషం కలగలేదు. మధ్యలో అద్దం ఉంది. మూసిన తలుపు ఉంది. అద్దం ఇవతల కూర్చున్నవాడు అవతలివాళ్ళకి ఎలా అంటిస్తాడు? తల గోడకి కొట్టుకోవాలనిపించింది.

మర్నాడు స్టూడియోకి వెళ్ళి, ఆ పూట రికార్డు చేసిందంతా వినిపించమన్నాడు. కూతుర్నీ పిలిపించాడు. ముగ్గురూ మాస్కులతో, బయటి గదిలో కిటికీలు తెరుచుకుని కూర్చున్నారు. చిలక ఏడుపులు, నవ్వులు. తర్వాత ఏదో పోట్లాట సీను. "పట్టుకోండి! వదలొద్దు!" అని జనం కేకలు. ఆ తర్వాత పెద్దాయన గొంతు. కూతురు తల దించుకుంది.

"వెనక్కి వెళ్ళండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఈ కేకలు ఎవరివి?"

"అది క్రౌడ్ సార్."

"క్రౌడ్ అంటే ఎవరు?"

"ఎవరూ కాదు సార్."

"ఎవరూ కానివాళ్ళకి గొంతు ఎక్కణ్నుంచి వచ్చింది?"

ఇంజినీర్ బిక్కమొహం వేశాడు. క్రౌడ్ అంటే రోల్ కాదన్నాడు. మనుషుల్ని పిలిపిస్తే ఖర్చు. అందుకని రికార్డింగ్ ఆన్ చేసి వదిలేసి, అప్పటికి స్టూడియోలో ఎవరుంటే వాళ్ళు లోపలికి వెళ్ళి నాలుగు కేకలు వేసి వచ్చేస్తారు. టీ తాగినట్టే. దాన్ని ఎవరూ పని అనుకోరు.

"ఈ బొంగురు గొంతు నీదేనా?"

"నాదే సార్."

"పక్కన?"

జవాబు కూతురి నుంచి వచ్చింది. "నాన్నది. ఆ సన్నటిది చిలకది."

అతను కావాలని అబద్ధం చెప్పలేదని ఇన్‌స్పెక్టర్‌కి అర్థమైంది. చిలక కూడా. బూత్‌లోకి ఎవరు వెళ్ళారని అడిగితే, రోల్ ఉన్నవాళ్ళ పేర్లు చెప్పారు. మూసిన గదిలో, ఏసీ ఆపి, ఒకే మైక్ చుట్టూ మూగి గొంతులు చించుకున్న ఆ పది నిమిషాలు వాళ్ళ లెక్కలోనే లేవు.

"అంతకుముందు ఒంట్లో ఎలా ఉండేది?"

"రెండు రోజుల ముందు కాస్త వెచ్చబడింది సార్. మాత్ర వేసుకున్నా, తగ్గిపోయింది. తగ్గిపోయాక అది జబ్బెలా అవుతుంది?"

ఆ ప్రశ్నకి సెక్షన్ ఉంది. దాన్ని నిలబెట్టే సాక్ష్యం బలంగా లేదు. ఫైలులో చిలక పేరు తీసి ఇంజినీర్ పేరు రాయొచ్చు. డిఫెన్స్ లాయర్ దాన్ని పూట గడవకముందే చింపేస్తాడు. ఇన్‌స్పెక్టర్‌కి తెలుసు. తెలిసే రాశాడు.

కూతురు ఏడవలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళమని మాత్రం అడిగింది.

చిలకని వార్డుకి మార్చారు. ముక్కులో గొట్టం. ఇన్‌స్పెక్టర్ మంచం దగ్గర నిలబడి జరిగింది చెప్పాడు. ఆమె పేరు కేసులోంచి తీసేశాననీ, యూనియన్‌కి లెటర్ పంపాననీ చెప్పాడు. ఆమె కళ్ళలో ఊరట కోసం వెతికాడు. కనపడలేదు. ఇన్నాళ్ళూ తనే చంపానని ఆమె కూడా నమ్మిందని అప్పుడు తట్టింది.

"మీరు చెబితే..." ఊపిరి తీసుకుంది. హీరోయిన్ల గొంతు అరిగిపోయి గీతలా మిగిలింది. "పోలీసు కాగితం చదివినట్టుంది. ఆ పిల్లని చెప్పమనండి."

కూతురు గుమ్మంలో ఉంది. లోపలికి అడుగు వేసింది.

"నువ్వు కాదు పిన్నీ."

చిలక ఆమె మొహంలోకి చూసింది.

"మళ్ళీ చెప్పవే."

"నువ్వు కాదు."

"మళ్ళీ."

ఇన్‌స్పెక్టర్ బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.