కాగితం చెల్లెళ్లు

శనివారం పొద్దున ఓడెస్సా బాత్‌రూమ్‌లోంచి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"నీళ్లు కొట్టకుండా వచ్చిందెవరు? ఈ ఇంట్లో ముసలిదాన్ని నేనొక్కదాన్నే. మరిచిపోయే హక్కు నాది."

ఆమె కూతురు రోషెల్ పొయ్యి మీద గుడ్లు కలుపుతోంది. మనవరాలు నైలా కిటికీ దగ్గర నిలబడి టోస్ట్ తింటోంది. కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నా నిలబడే తింటోంది.

"నేనే అమ్మమ్మా. సారీ."

"సారీ సరేలే, ఆ రంగేంటే? కాఫీ పారబోశావా అందులో?"

రోషెల్ పొయ్యి ఆపేసింది. డెట్రాయిట్‌లోని ఒక ఆసుపత్రిలో, డయాలసిస్ వార్డులో నర్సుగా పనిచేస్తుంది తను. వెళ్లి చూసింది. చిక్కటి టీ రంగు. తిరిగొచ్చేసరికి ఆమె మొహంలో రక్తం లేదు.

"కూర్చో నైలా."

"పర్లేదమ్మా, ఇలాగే బాగుంది."

"కూర్చోమన్నాను."

నైలా బల్ల అంచు పట్టుకుని సగం వంగి ఆగిపోయింది. తొడలు మడత పడలేదు. పంతొమ్మిదేళ్ల పిల్ల కుర్చీలో కూర్చోలేకపోయింది.

"ఎన్ని గుంజీలు తీయించారు?" అంది రోషెల్.

"ఎవరూ..."

"నాకు అబద్ధం చెప్పకు. ఎవరింట్లో?"

"డెలోరిస్ ఆంటీ వాళ్ల బేస్‌మెంట్‌లో" అంది నైలా తలొంచుకుని. "మేం ఏడుగురం. వాళ్లు బలవంతం చేయలేదమ్మా. మేమే వెళ్లి అడిగాం."



ఒకప్పుడు రోషెల్ చదివింది, ఇప్పుడు నైలా చదువుతోంది ఒకే చోట, ఊరి నడుమ యూనివర్సిటీలో. పిల్లలంతా ఇళ్ల నుంచి బస్సుల్లో వస్తారు, క్లాసు అవగానే ఉద్యోగాలకు పరిగెడతారు. ఒకరి పేరు ఒకరికి తెలియదు. అలాంటి చోట నల్లజాతి ఆడపిల్లలకు అక్కచెల్లెళ్ల సంఘం ఒక్కటే దిక్కుగా ఉండేది. చేరాలంటే రహస్యంగా దీక్ష పట్టాలి. వారాల తరబడి నిద్ర ఉండదు. గుంజీలు, తిట్లు, దెబ్బలు. పిల్లలు ఆసుపత్రుల పాలవుతుంటే సంఘం పై ఆఫీసు దీక్షను నిషేధించింది. ఇంటర్వ్యూ చేసి, సంతకాలు పెట్టించుకుని చేర్చుకోమంది. రోషెల్ అలా చేరింది. అంతే, అంతకుముందు దెబ్బలు తిన్న డెలోరిస్ లాంటి అక్కలు ఆమె జట్టుకు 'కాగితం చెల్లెళ్లు' అని పేరు పెట్టారు. పాటలు నేర్పలేదు. పిక్నిక్‌కు వెళ్తే గుండ్రంగా నిలబడి మాట్లాడుకునేవాళ్లు కాస్తా దగ్గరికి జరిగి, సందు మూసేసేవాళ్లు. ఇది చూసిన కొత్త పిల్లలు గడప తొక్కడం మానేశారు. జట్టులోవాళ్లు ఒక్కొక్కరే వదిలేసి పోగా చివరికి రోషెల్ ఒక్కతే మిగిలింది. ఆమెతో ఆ శాఖ మూతపడింది. ఈ కాలం పిల్లలకు తీరిక లేక సంఘం పోయిందని అక్కలు చెప్పుకుంటారు. అబద్ధం. దాన్ని చంపింది అక్కలే.

ఇరవై ఏళ్లు దాటాక నైలా, మరో ఆరుగురూ కలిసి ఆ శాఖను మళ్లీ నిలబెట్టారు. వచ్చే ఆదివారమే ప్రవేశం. దొంగ దీక్ష సంగతి పైవాళ్లకు తెలిస్తే శాఖకు మళ్లీ తాళం.

"ఆసుపత్రికి పద" అంది రోషెల్.

"వద్దమ్మా. వాళ్లు ఎలా జరిగిందని అడుగుతారు. అంతా పోతుంది. ఒక్క వారం ఆగు."

"కండరం చితికి రక్తంలో కలుస్తోందే. కిడ్నీలు వారం ఆగవు. మా వార్డులో ఇలాగే వచ్చిన నీ వయసు పిల్లకు డయాలసిస్ సూది గుచ్చాను నేను."

"నీకేం తెలుసమ్మా ఇది?" అని అరిచింది నైలా. "నా చిన్నప్పుడు పార్కులో డెలోరిస్ ఆంటీ వాళ్లంతా నవ్వుకుంటుంటే నువ్వు కేకు పళ్లెం పట్టుకుని పక్కన నిలబడ్డావు. ఒక్కరు కూడా ముక్క తీసుకోలేదు. ఆ కేకు ఇంటికి తెచ్చి మనమే తిన్నాం. నేను నీలా కాగితం అనిపించుకోను."

ఓడెస్సా గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. "నోరు జారావే పిల్లా" అంది మెల్లగా.

రోషెల్ ఫోన్ తీసి, డెలోరిస్‌కు కలిపి, అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టింది.

"అక్కా, నా కూతురికి ఒంట్లో బాగాలేదు. పిల్లలందర్నీ ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను."

"కంగారు పడకు రోషెల్" అంది అటునుంచి డెలోరిస్, ఆవలిస్తూ. "నీళ్లు బాగా తాగించు. వచ్చే ఆదివారం దాకా ఓర్చుకోమను. మేమంతా పడలేదా? నీకెలా తెలుస్తుందిలే, సంతకం పెట్టి వచ్చినదానివి."

"నిన్న బ్రియెల్ కళ్లు తిరిగి పడిపోయింది ఆంటీ" అంది నైలా, హఠాత్తుగా. "ఎలా ఉందో కనుక్కున్నారా?"

"నాటకాలాడింది. ఆ పిల్లకు సంఘంలో ఉండే దమ్ము లేదు. వదిలేయండి దాన్ని."

రోషెల్ ఫోన్ కట్ చేసింది. నైలా తన ఫోన్ తీసింది, బ్రియెల్‌కు చేసింది. మోగుతోంది. ఎత్తడం లేదు. మళ్లీ చేసింది.

"అమ్మా, రాత్రి కూడా ఎత్తలేదు. పడుకుందేమో అనుకున్నాను. వాళ్ల ఇల్లు నాకు తెలుసు. ముందు అక్కడికి పోదాం."

కారులో దారి పొడుగునా నైలా మిగిలిన అయిదుగురికీ ఫోన్ చేసి ఆసుపత్రికి రమ్మంది. వెళ్లేసరికి బ్రియెల్ మంచం మీద ఉంది, స్పృహలోనే. కాళ్లు దుంగల్లా వాచి లేవలేకపోయింది. ఆమెను తల్లీకూతుళ్లు చెరో పక్కా పట్టుకుని మోశారు. నడవలేని పిల్ల నడవలేని పిల్లను మోసింది.

ఎమర్జెన్సీలో డాక్టరు అడగనే అడిగాడు, ఎలా జరిగిందని. నైలా తల్లి వైపు చూసింది.

"నేను చెప్పను" అంది రోషెల్. "నీ సంఘం. నీ నోరు."

నైలా చెప్పింది. బేస్‌మెంటూ, గుంజీలూ, పేర్లూ, తామే వెళ్లి అడిగిన సంగతీ, అన్నీ. చెప్పాక వెక్కివెక్కి ఏడ్చింది. "దెబ్బలు తింటే అక్కలవుతారనుకున్నానమ్మా. పడిపోయిన పిల్లను వదిలేయమంది ఆవిడ."

రోషెల్ సెలైన్ సూది కదలకుండా కూతురి మోచెయ్యి పట్టుకుని, తల తన భుజానికి ఆనించుకుంది. బ్రియెల్‌కు డయాలసిస్ చేయాల్సి వచ్చింది. బతికింది.

శాఖకు తాళం పడుతుందనే నెలల తరబడి భయపడ్డారు. డెలోరిస్‌నూ ఆమె జట్టునూ సంఘం వెలివేసింది. పిల్లలు తామే నిజం చెప్పారు కాబట్టి వాళ్లకు వసంతకాలంలో ప్రవేశం ఇచ్చారు.

ఆ రోజు చర్చి హాల్లో పెద్దక్కల కుర్చీలు ఖాళీ. అలిగి ఒక్కరూ రాలేదు. కొత్త పిల్లను ఒక అక్క చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించాలి, అది ఆచారం. ఏడుగురు పిల్లలకూ అక్క ఒక్కతే, రోషెల్. ఒక్కొక్కరినీ తీసుకెళ్లి, మళ్లీ తలుపు దగ్గరికి వచ్చింది. నైలా అందరినీ ముందుకు పంపి తను ఆఖరున నిలబడింది.

"అలిసిపోయావా అమ్మా?"

"లేదే." రోషెల్ కళ్లు తుడుచుకుంది. "ఎలా పట్టుకోవాలో తెలియక ఒక్కో పిల్లనూ ఒక్కోలా పట్టుకున్నాను. నన్నెవరూ పట్టుకోలేదు. ఆ రోజు అక్కలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. నేనొక్కదాన్నే నడిచాను."

నైలా తల్లి వైపు చూసింది. రోషెల్ చాచిన చెయ్యి తీసుకోలేదు. రెండో చెయ్యి అందుకుని, తను ఒక అడుగు ముందుకు వేసింది.

"అయితే నువ్వింకా లోపలికి రానట్టే లెక్క. పద" అంది.