వెనక ఎడమ సీటు

మా ఆయన తిరుపతి దుబాయిలో ఏళ్ళ తరబడి పరాయివాళ్ళ కార్లు కడిగాడు. కడిగీ కడిగీ మనిషికి ఒక పిచ్చి పట్టుకుంది. ఎప్పటికైనా రెండే తలుపులుండే ఎర్ర స్పోర్ట్స్ కారు కొని, మా ఎల్లారెడ్డి బస్టాండు ముందు నుంచి గర్రుమని పోవాలని. అందులో ఎరువు బస్తా పట్టదు, మా వాడకట్టు గుంతల్లో అది నేలకు కడుపు రాసుకుంటుంది, మనకెందుకయ్యా అని ఎన్ని విధాల చెప్పినా ఆ చెవిన విని ఈ చెవిన వదిలేశాడు.

కామారెడ్డిలో బైపాస్ పక్కన పాత కార్లు అమ్మే షెడ్డు ఒకటుంది. అక్కడ దొరికింది. చూడటానికి వెళ్ళిన రోజు మా సంజనను కూడా తీసుకుపోయాం. అది రెండో తరగతి. తండ్రి దుబాయిలో ఉన్నన్నాళ్ళూ మా అత్త రామవ్వ ఒళ్ళోనే పెరిగింది, అందుకే దాని మాటంతా మా అత్త మాటే. బడిలో టీచరు మమ్మీ అనమని ఎంత నేర్పినా నన్ను అమ్మా అనే పిలిచేది, నానమ్మను బాపమ్మా అనేది.

"దాసిపెట్టుడు ఎందుకక్కా, చిన్న యాక్సిడెంట్ అయింది. బంపర్ మార్పించినం, అంతే," అన్నాడు బ్రోకరు.

నేను ముందు సీటు వంచి వెనక్కి తొంగి చూశాను. అలాంటి కార్లలో వెనక్కి వేరే తలుపులుండవు. ముందు సీటు వంచితేనే వెనక సీట్లలోకి దారి. లోపల బెల్టులన్నీ వాడి వాడి నున్నబడిపోయాయి, వెనక ఎడమ సీటుది తప్ప. అది మాత్రం కరకరలాడుతూ కొత్తగా ఉంది.

"గిదొక్కటే కొత్తది ఎందుకున్నది?" అని అడిగాను.

"ఎలుకలు కొరికినయక్కా."

"మిగిలినయి ఎందుకిడిసిపెట్టినయి?"

"అది ఎలుకలనే అడగాలె," అని నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు అసలు నచ్చలేదు.

మా వైపు బండి కొన్నవాళ్ళు చేసే మొదటి పని వెనక అద్దం మీద పిల్లల పేర్లు రాయించడం. ఆ కారు అద్దం మీద కూడా ఒక పేరుంది, ప్రణీత అని. తిరుపతి పక్క దుకాణంలోనే దాన్ని గీకించి, అదే చోట తెల్లటి అక్షరాలతో సంజన అని అతికించాడు. మా పిల్ల సంబరంతో గంతులేసింది. గీకారే గాని పాత పేరు పూర్తిగా పోలేదు. అద్దానికి ఆవిరి పట్టినప్పుడల్లా సంజన కింద నుంచి ప్రణీత తేలేది.

ఇంటికి తెచ్చాక మా అత్త వాకిట్లో అడ్డంగా నిలబడింది. కొత్త బండి ఇంటికొస్తే మైసమ్మ దగ్గర కోడిని కోసి టైర్లకు రక్తం చూపించడం మాలో ఆనవాయితీ. అలా చూపిస్తే ఇంక అది మనుషుల రక్తం అడగదని నమ్మకం.

"కోడిని కోద్దాం బిడ్డా. బండికి రక్తం సూపియ్యాలె," అంది.

"దీనికి రక్తం కొత్తనా అవ్వా? ఎప్పుడో సూసింది," అన్నాడు తిరుపతి, తాళం చెవి వేలికి తిప్పుకుంటూ. ఏదో కొంటెగా అన్నాడనుకున్నాను. కోడి మాట అంతటితో పోయింది.

మర్నాడే మొదలైంది ఆ చప్పుడు. టింగ్... టింగ్... టింగ్. వెనక ఎవరైనా బెల్టు పెట్టుకోకపోతే ఆ కారు అలా మోగుతుంది, ముందు తెర మీద ఎర్ర బొమ్మ ఏ సీటో చూపిస్తుంది. వెనక ఎడమ సీటు అని చూపించింది. ఆ సీటులో ఎవరూ లేరు. సంజన కుడి వైపు, తండ్రి వెనక, బెల్టు పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది.

"సెన్సార్ ఖరాబైంది," అన్నాడు తిరుపతి. బండి ఆపి, వెనక్కి వంగి, ఖాళీ సీటు మీద బెల్టు లాగి క్లిప్పు పెట్టేశాడు. చప్పుడు ఆగిపోయింది. దుబాయి తెలివి అంటే ఇదీ అన్నట్టు నా వైపు చూశాడు.

కొంచెం దూరం పోయాక సంజన నా భుజం తట్టింది.

"అమ్మా, ఆ పిల్లకు బెల్టు గట్టిగ అయితుందట."

"ఏ పిల్లకే?"

సంజన పక్క సీటు చూపించి, నేను మందమతినైనట్టు జాలిగా నవ్వింది.

పిల్లలు లేని తోడును ఊహించుకుంటారు, సరే అనుకున్నాను. కానీ ఆ కారు ఎక్కితే చాలు, మా పిల్ల ఎడమ వైపు తిరిగి గుసగుసలాడేది. ఏం మాట్లాడుతున్నావే అంటే చెప్పేది. ఆ పిల్ల బెల్టు ఎవ్వరు తీస్తలేరట, వాళ్ళ మమ్మీ వస్తదట, మమ్మీ వచ్చి తీస్తదట. నేను రెండు దెబ్బలు వేశాను కూడా. ఆ రెండు దెబ్బలు ఇప్పుడు నా చేతులకే మండుతున్నాయి.

ఆ రోజు కామారెడ్డిలో సంజనకు బడి బూట్లు కొని తిరిగి వస్తున్నాం. ఇంకా పొద్దు పూర్తిగా గుంకలేదు గాని ముసురు పట్టి చీకటి పడింది. లింగంపేట దాటాక రోడ్డుకు రెండు వైపులా అడవి. టేకాకుల మీద వాన పడే చప్పుడు తప్ప ఏమీ వినపడటం లేదు. అద్దాలకు ఆవిరి పట్టింది. కారు లోపల తడిసిన ఇనుము వాసన. మొదట కొత్త బూట్ల తోలు వాసన అనుకున్నాను. కాదు. అది నాలుక మీద కూడా తగులుతోంది.

టింగ్... టింగ్...

"బెల్టు పెట్టే ఉన్నది కదా," అన్నాను.

తిరుపతి తెర మీద చరిచాడు. చప్పుడు ఆగలేదు.

"నిజం చెప్పు. ఈ బండిల ఏమైంది?"

"ఏమైతది? ఒక చిన్న పిల్ల పోయిందట. బెల్టు పట్టుకపోయి రాలేదట. కోసి తీసిండ్రట, గప్పటికే అయిపోయింది. అయితే ఏంది ఇప్పుడు? అందుకే మనకు అగ్గువకు దొరికింది. నీ పిల్ల పేరే కదా అద్దం మీద, ఇంకేంది నీ బాధ?"

వాడి నోట్లో ఇంత మట్టి కొట్టాలనిపించింది. అన్నీ తెలిసి, ఆ సీటు పక్కనే నా బిడ్డను కూర్చోబెట్టి రోజూ తిప్పాడు.

అప్పుడు వెనక నుంచి సంజన గొంతు. చాలా మెల్లగా.

"అమ్మా..."

"ఏంది బిడ్డా?"

"సీటు మార్సుకుందాం అంటుందే."

"వద్దను బిడ్డా."

"నేను వద్దన్న. అయినా ఇంటలేదు. నా బెల్టు పట్టుకుంది."

నేను వెనక్కి తిరిగాను. ఆవిరి పట్టిన అద్దం మీద ఒక్క పేరే ఉంది. అది సంజన కాదు.

"బండి ఆపు," అని అరిచాను. తిరుపతి బ్రేకు తొక్కాడు. కారు ఆగలేదు. తడి రోడ్డు మీద నెయ్యి రాసినట్టు జారింది. కల్వర్టు గోడకు గుద్దుకుని, కుడి పక్కకు ఒరిగి, వాగులోకి దిగబడింది.

లైట్లు ఆరిపోయాయి.

కుడి వైపు నుంచి నీళ్ళు గుడగుడమని లోపలికి వస్తున్నాయి. నా తలుపు పైకి ఉంది. ఎలాగో తెరుచుకుని రాళ్ళ మీదికి దూకాను. నా వెనకే తిరుపతి నా సీటు మీదుగా పాకి, నన్ను తోసుకుంటూ బయటపడ్డాడు. పిల్ల కోసం చేయి కూడా చాపలేదు. గట్టు మీద కూలబడి దగ్గుతున్నాడు.

నేను సీటు వంచి లోపలికి దూరాను. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి.

"సంజనా! ఓ బిడ్డా!"

"ఇక్కడ... ఇక్కడున్నా..."

చిన్న చేయి నా మణికట్టు పట్టుకుంది. చల్లగా ఉంది. ఆ వానలో ఎవరి చేయి వెచ్చగా ఉంటుంది? బెల్టు తడుముకుంటూ పోయి క్లిప్పు నొక్కాను. నొక్కీ నొక్కకముందే ఊడింది. దాని కోసమే కాచుకున్నట్టు. పిల్ల నా మెడకు కరుచుకుంది. రెండు కాళ్ళూ నా నడుము చుట్టూ వేసి, మొహం నా మెడలో దాచుకుంది. నేను దాన్ని ఎత్తుకుని గట్టు ఎక్కాను.

వెనక కారు ఇంకా మోగుతోంది. టింగ్... టింగ్... ఇంజను మునిగిపోయింది. అయినా మోగుతోంది.

దాని మధ్యలో, నీళ్ళలో నుంచి, "అమ్మా..."

నా కాళ్ళు ఆగాయి.

మెడ దగ్గర చల్లటి ఊపిరి తగిలింది.

"వెనక్కి చూడకు మమ్మీ."

నేను చూడలేదు. నా బిడ్డ నా చేతుల్లోనే ఉంది కదా, చూడటానికి వెనక ఏముంది? అలా అనుకున్నాను. ఆ ఒక్క పూట నా బుద్ధి ఎక్కడ గడ్డి మేసిందో ఇప్పటికీ తెలియదు. కొంచెంసేపటికి చప్పుడు ఆగింది. పిలుపు కూడా ఆగింది.

కామారెడ్డి నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సు ఆగి, జనం దిగి మా మొహాల మీద టార్చి వేశారు. నేను ముందు పిల్ల మొహం చూసుకున్నాను. సంజనే. అదే పచ్చ గౌను, గడ్డం మీద అదే పుట్టుమచ్చ. అక్కడున్న ఆడవాళ్ళంతా నీ అదృష్టం గొప్పదమ్మా అన్నారు. నేను రోడ్డు మీదే కూర్చుని దాన్ని గుండెకు అదుముకుని ఏడ్చాను.

మరునాడు జేసీబీతో కారును పైకి లాగారు. ఆ డ్రైవరు చెప్పిన మాట ఇది. వెనక ఎడమ బెల్టు ఊడి ఉంది. కుడి బెల్టు మాత్రం పెట్టినట్టే బిగిసి ఉంది, ఎంత నొక్కినా రాలేదు. సీటు ఖాళీ.

సంజన కూర్చున్నది కుడి వైపు. నేను క్లిప్పు తీసింది ఎడమ వైపు.

"పిల్ల సన్నగున్నది. బెల్టు సందుల నుంచి జారి పక్క సీట్లకొచ్చింది. గింతదానికి అంత ఆలోచన ఎందుకు?" అన్నాడు తిరుపతి.

"మరి ఎడమ బెల్టు కింద ఎవరున్నరు? నేను తీసిన క్లిప్పు ఎవరిది?"

తిరుపతి అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

ఇంట్లో పిల్ల తింటోంది, నిద్రపోతోంది, బడికి పోతోంది. నన్ను మమ్మీ అంటోంది. మా అత్తను నానమ్మా అంటోంది. ఉడకబెట్టిన మక్క గుడాలంటే ప్రాణం పెట్టే పిల్ల, గిన్నె ముందు పెడితే ఇదేంటి మమ్మీ అని అడిగింది. మా అత్త ఒక వారం చూసి, దాని నోట్లో ముద్ద పెట్టడం మానేసింది. వంటింట్లో నా చెవి దగ్గరకొచ్చి, "ఇది మన పిల్ల గాదు నిరోషా," అంది. నా లోపల ఉన్న మాట ఇంకొకరి నోట వినేసరికి, పిల్ల చెవిన పడకుండా వంటింటి తలుపు మూశాను.

ఒకరోజు పట్టపగలు, పిల్ల వాకిట్లో నా వైపు వీపు పెట్టి ఆడుకుంటోంది. నేను గుమ్మంలో నిలబడి, ఊపిరంత మెల్లగా పిలిచాను.

"ప్రణీతా."

టక్కున తిరిగింది. తిరిగి, నా మొహంలోకి చూసి, వేలు పెదవుల మీద పెట్టుకుంది. ఎవరికీ చెప్పొద్దన్నట్టు.

కారు కామారెడ్డిలో రిపేరు షెడ్డులో ఉంది. నాకు కావలసింది ఒక్కటే. అక్కడికి పోయి ఆ కుడి సీటు క్లిప్పు నా చేత్తో నొక్కాలి. నా బిడ్డను తీయాలి. కానీ నేను పోదామని చీర మార్చుకున్న ప్రతిసారీ పిల్లకు ఒళ్ళు కాలిపోయే జ్వరం. మందులకు తగ్గదు. నేను చీర విప్పి పాతది కట్టుకుంటే తగ్గుతుంది. పుట్టుమచ్చ నా బిడ్డదే, ఒళ్ళు నా బిడ్డదే. మూలుగుతుంటే వదిలిపెట్టి ఏ తల్లి గడప దాటుతుంది? ఆఖరికి కళ్ళు మూసుకుని, ఆ మూలుగు వింటూనే పోయాను. షెడ్డు ఖాళీ. తిరుపతి అంతకు ముందు రోజే అమ్మేశాడు. ఎవరికని కాళ్ళు పట్టుకుని అడిగినా చెప్పలేదు.

నిన్న పొద్దున తిరుపతి ఫోను ఇంట్లో మరిచి పొలానికి పోయాడు. మోగితే నేను ఎత్తాను.

"అన్న లేడా? నేను బీరయ్యనక్కా, సదాశివనగర్ నుంచి. ఎర్ర బండి తీసుకున్న. బండి మస్తున్నది. చిన్న యాక్సిడెంటే, బంపర్ ఒక్కటే పోయిందని అన్న ముందే చెప్పిండు."

నేను ఫోను చెవికి అదిమి పట్టుకున్నాను.

"ఒక్కటే తక్లీఫ్ అక్కా. ఎనక సీటుకు కొత్తగ ఏసిన బెల్టు, ఎవ్వరు లేకున్నా ఒక్కతీరుగ మోగుతది. సెన్సార్ ఖరాబా?"

"ఏ సీటు అన్నా?" అన్నాను. "ఎడమనా, కుడినా?"

"కుడి."

"అన్నా, నీకు దండం పెడత. ఇప్పుడే నేనొస్తున్న. నువ్వు ఆ సీటు ముట్టకు..."

"ఏం ఫికర్ లేదక్కా. బెల్టు గుంజి క్లిప్పు పెట్టేసిన. పెట్టంగనే ఊకుంది."

ఫోను పెట్టేశాడు. నేను పరుగున గుమ్మం దగ్గరికి వచ్చి చెప్పుల కోసం చూశాను. లేవు. వాకిట్లో పిల్ల నిలబడి ఉంది, నా చెప్పులు రెండూ చేతుల్లో పట్టుకుని.

"ఎక్కడికి మమ్మీ?" అంది.